బురద తిన్నదెంత, కాలవ మోసిందెంత

“గమేక్సిన్ ఎప్పుడో మానేశారు కదా తాతయ్యా, మరి అప్పట్లో చేలల్లో చల్లిందంతా ఏమైనట్టు?” అని అడిగావు చూడమ్మలూ, బలే ప్రశ్న అడిగావు. మన తణుకు చుట్టుపక్కల ఏ రైతునడిగినా “ఇంకెక్కడిదండీ, ఎప్పుడో పోయింది” అంటాడు. నేనూ కాదనను. కాకపోతే కెమిస్ట్రీ పాఠాలు చెప్పిన నోరు కదా, పోయింది అనగానే ఎక్కడికి అని అడక్కుండా ఉండలేదు. ఏ పదార్థమైనా పోవడానికి రెండే దార్లు. ఉన్నచోటే విరిగి ఇంకో పదార్థం అయిపోవాలి, లేదా ఉన్నది ఉన్నట్టుగా లేచి ఇంకో చోటికి చేరాలి. మొదటిదైతే మనకి మేలు. అన్నివేళలా కాదు, ఆ సంగతి తర్వాత చెబుతాను. రెండోదైతే మన చేలోంచి పోయిందంటే ఇంకెవరి చేలోకో, ఎవరి చెరువులోకో వచ్చిందనే అర్థం.

నా చిన్నప్పుడు బి.హెచ్.సి. పది శాతం పొడి అని గోతాల్లో వచ్చేది. అందరూ గమేక్సిన్ అనేవారు. పల్చటి గుడ్డసంచిలో పోసి, పొద్దున్నే మంచుతడి ఆరకముందు వరిచేలో దులుపుకుంటూ పోయేవారు. ముక్కుకి తువ్వాలు కట్టుకుంటే అదే పెద్ద జాగ్రత్త. గాదెల కిందకీ, చీమల బారులకీ, చెరుకు ముచ్చెలు పాతేటప్పుడు చెదలకీ అన్నిటికీ అదే మందు. డి.డి.టి. అయితే మలేరియా వాళ్లు పంపులు పట్టుకొచ్చి ఇళ్ల గోడలకి కొట్టి, గుమ్మం పక్కన తేదీ రాసి పోయేవారు. ఇక ఎండ్రిన్ సంగతి చెప్పక్కర్లేదు. పురుగుల్ని చంపిన మందుగా కంటే, ఊళ్లో ఎవరో తాగి పోయారన్న కబురుతోనే ఆ పేరు ఎక్కువ మందికి తెలుసు. పాత సినిమాల్లో కూడా “ఎండ్రిన్ తాగి చస్తాను” అని బెదిరించేవారు.

మన దేశంలో డి.డి.టి.ని పంటల మీద 1989లో ఆపేశారు, దోమల కోసం మాత్రం అట్టేపెట్టారు. ఎండ్రిన్‌ని 1990లో, బి.హెచ్.సి.ని 1997 ఏప్రిల్ 1 నుంచి నిషేధించారు. వీటి తర్వాత అదే బాపతు ఎండోసల్ఫాన్ చాలా ఏళ్లు రాజ్యం చేసింది. కేరళ కాసరగోడులో జీడిమామిడి తోటల మీద హెలికాప్టర్లతో దాన్ని చల్లిన ఊళ్ల గోడు దేశమంతా విన్నాక, 2011 మే నెలలో సుప్రీంకోర్టు దాన్నీ ఆపించింది.

వీటన్నిటికీ ఒక చుట్టరికం ఉంది. కార్బన్ పరమాణువుల గూటికి చుట్టూ క్లోరిన్ పరమాణువులు అంటుకుని ఉంటాయి. నేలలో ఉండే బాక్టీరియాలకి, బూజులకి గడ్డీ గాదం, ఆకూ అలమూ విరగ్గొట్టి తినడం కోట్ల ఏళ్లుగా తెలుసు. ఆకులో ఉన్న బంధాల్ని తెంచే ఎంజైములు వాటి దగ్గరున్నాయి. ఇన్నేసి క్లోరిన్లు తగిలించుకున్న గూడుని విప్పే పనిముట్టు మాత్రం చాలావాటికి లేదు. 1939లో స్విట్జర్లాండులో పాల్ ముల్లర్ డి.డి.టి. పురుగుల్ని చంపుతుందని కనిపెట్టినప్పుడు, ఒకసారి కొడితే నెలల తరబడి పనిచేస్తుందన్నదే దాని గొప్పగా చెప్పుకున్నారు. 1948లో ఆయనకి నోబెల్ ఇచ్చారు. విరక్కపోవడమే గుణం, విరక్కపోవడమే దోషం.

ఎంతకాలం విరక్కుండా ఉంటుందో చెప్పడానికి అర్ధాయువు అని ఒక లెక్క ఉంది, మీ ఇంటర్ పుస్తకంలో రేడియోధార్మికత పాఠంలో చదివే ఉంటావు. వేసిందాంట్లో సగం మిగలడానికి పట్టే కాలం. చలిదేశాల నేలల్లో డి.డి.టి.కి ఇది రెండేళ్ల నుంచి పదిహేనేళ్ల దాకా అంటారు. మధ్యస్తంగా పదేళ్లు అనుకుందాం. ఏడాదికో కిలో చొప్పున ఒకే చేలో వేస్తూ పోయావనుకో. మొదటి ఏడాది వేసింది పూర్తిగా పోకుండానే రెండోది పడుతుంది, రెండూ పోకుండానే మూడోది. అలా పేరుకుంటూ పేరుకుంటూ చివరికి ఎక్కడ ఆగుతుందో లెక్క కట్టు. దాదాపు పదిహేను కిలోల దగ్గర ఆగుతుంది. అదే అర్ధాయువు ఒక్క ఏడాదే అయితే, ఎన్నేళ్లు వేసినా రెండు కిలోలు దాటదు. ఒకే మందు, ఒకే మోతాదు, నేల మారితే పేరుకునేది ఏడెనిమిది రెట్లు తేడా. అంచేత “ఈ మందు ఇన్నేళ్లుంటుంది” అని ఎవరైనా ఒకే అంకె చెప్పితే, ఏ నేలలోనండీ అని అడగాలి.

ఇప్పుడు మన నేల సంగతికొద్దాం. ఇక్కడే నాకు కాస్త గర్వం కూడాను.

మన డెల్టాలో సార్వాకి దమ్ము చేసి నీళ్లు పెడతాం, మళ్లీ దాళ్వాకి పెడతాం. ఏడాదిలో చాలా నెలలు ఆ మట్టి నీళ్ల కింద ఉంటుంది. నీళ్లు నిలిచిన చేలో మట్టిలో ఉన్న ఆక్సిజన్ ఒకట్రెండు రోజుల్లోనే అయిపోతుంది, పైపైన ఒక పల్చటి పొర తప్ప. గాలి లేనప్పుడు బతికే బాక్టీరియాలు అప్పుడు పనిలోకి దిగుతాయి. వాటికీ ఊపిరి లాంటిది ఏదో ఒకటి కావాలి కదా. ముందు నైట్రేటు, తర్వాత మాంగనీసు, ఇనుము, ఆ తర్వాత సల్ఫేటు. ఇలా దొరికినదాన్ని దొరికినట్టు వాడుకుంటాయి. దమ్ముచేలో అడుగు దిగేసరికి కింద నీలంగా బూడిదరంగులో మట్టి వస్తుందే, అది ఇనుము రూపం మారడం. కుళ్లిన గుడ్డు వాసన వస్తే అది సల్ఫేటు వంతు. ఇలాంటి వాతావరణంలో క్లోరిన్లు నిండా ఉన్న మందు దొరికితే, వీటిలో కొన్ని బాక్టీరియాలు ఆ క్లోరిన్లని ఒక్కొక్కటీ ఊడబెరుకుతాయి. గాలి ఆడే మెట్టనేలలో కదలకుండా కూర్చున్న బి.హెచ్.సి., నీళ్ల కింద బురదలో గబగబా విరిగిపోతుంది.

దీన్ని కనిపెట్టడంలో మనవాళ్ల చెయ్యి పెద్దది. ఫిలిప్పీన్స్‌లో అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఉంది కదా, అక్కడ కె. రఘు, ఐ.సి. మెక్రే అనే ఇద్దరు 1966లో ఒక ప్రయోగం ప్రచురించారు. నీళ్లు పెట్టిన వరిమట్టిలో గామా బి.హెచ్.సి. కలిపి చూశారు. మామూలు మట్టిలో అది మాయమైంది. వేడిచేసి క్రిముల్ని చంపేసిన మట్టిలో అలాగే ఉండిపోయింది. అంటే ఈ పని రసాయనంది కాదు, ప్రాణమున్న బురదది. రెండో మోతాదు కలిపితే ఇంకా తొందరగా పోయింది. అక్కడే పనిచేసిన ఎన్. సేతునాథన్, యోషిడాతో కలిసి 1973లో డయాజినాన్, పారాథియాన్ అనే ఫాస్ఫరస్ మందుల్ని విరిచే ఫ్లావోబాక్టీరియం అనే జీవిని వరిచేను నీళ్లలోంచే పట్టుకున్నాడు. తర్వాత ఆయన కటక్‌లో కేంద్ర వరి పరిశోధన సంస్థకి వచ్చి జీవితమంతా ఇదే పనిమీదున్నాడు. 1990లో ఆయన బృందం ఆల్ఫా, బీటా, గామా మూడు రకాల బి.హెచ్.సి.నీ గాలి ఉండగానే విరగ్గొట్టే బాక్టీరియాని కూడా చూపించింది.

“అంత తొందరగా ఎలా నేర్చుకున్నాయి తాతయ్యా, ఆ మందులు మనిషి తయారుచేసి ఎన్నాళ్లయింది?” అంటావేమో. సరిగ్గా ఆ ప్రశ్న పట్టుకునే మన దయానంద సిద్ధవట్టం గారు, ముందు అనంతపురంలో, తర్వాత హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పనిచేశారు. అనంతపురం పొలాల మట్టిలో దొరికిన బాక్టీరియాలో ఫాస్ఫరస్ మందుని విరిచే జన్యువు ప్లాస్మిడ్ అనే చిన్న డి.ఎన్.ఎ. చుట్ట మీద ఉందని ఆయన బృందం 1995లో చూపించింది. ఆ జన్యువుకి అటూ ఇటూ, ఒక చోటునుంచి ఇంకో చోటికి గెంతే జన్యువుల జాడలున్నాయని 2003లో చెప్పారు. అంటే ఇది ప్రతి బాక్టీరియా సొంతంగా చదువుకున్న చదువు కాదు. ఒకదాని దగ్గర్నుంచి ఒకటి, వేరే జాతివైనా సరే, పుచ్చుకుంటున్నాయి. రైతుకి ఇందులో చిక్కు కూడా ఉంది. ఒకే గుళికలు ఏటా వేస్తూ పోతే, ఆ మట్టి దాన్ని తినడానికి అలవాటుపడుతుంది. పురుగుని చంపేలోగానే మందు అయిపోతుంది. “మందులో పస లేదు, కొట్టువాడు కల్తీ చేశాడు” అని తిట్టుకుంటాం. కల్తీ ఉండొచ్చు, కాదనను. ఒక్కొక్కసారి మాత్రం కొట్టువాడి తప్పు లేదు.

విరిగితే మంచిదే అన్నానా, అన్నివేళలా కాదనీ అన్నాను. డి.డి.టి.ని చూడు. బురదలో పడితే ఒక క్లోరిన్ పోయి డి.డి.డి. అవుతుంది, అక్కణ్ణించి ఇంకా విరుగుతూ పోతుంది. ఎండా గాలీ తగిలే పొడినేలలో పడితే డి.డి.ఇ. అవుతుంది. ఇది డి.డి.టి. కన్నా మొండిది. గుడ్డు పెంకు పల్చబడి పక్షులు పొదగలేకపోవడానికి కారణమని దీన్నే పట్టుకున్నారు. ఎండోసల్ఫాన్ కూడా అంతే. నేలలో అది ఎండోసల్ఫాన్ సల్ఫేట్ అవుతుంది. విషం తగ్గదు, ఆయువు పెరుగుతుంది. లాబ్ రిపోర్టులో “ఎండోసల్ఫాన్ లేదు” అని చూసి సంబరపడితే, దాని పిల్ల పక్క గళ్లో కూర్చుని ఉంటుంది. బి.హెచ్.సి.ది ఇంకో తీరు. గోతంలో వచ్చిన పొడి ఒకే పదార్థం కాదు, క్లోరిన్లు అటూ ఇటూగా అమరిన నాలుగైదు రూపాల కలగలుపు. పురుగుని చంపేది గామా ఒక్కటే, అది నూటికి పది పదిహేను పాళ్లు. సగానికి పైగా ఆల్ఫా. బీటా అనేది పదిలోపే, కానీ దాని క్లోరిన్లన్నీ అంచుల వెంట పొందిగ్గా సర్దుకుని ఉండడంచేత మహా గట్టిది. అన్నీ పోయాక అదే మిగులుతుంది. ఈ లెక్కలు తెలిసినవాళ్లు మట్టి పరీక్షించి, డి.డి.టి. ఎంత డి.డి.ఇ. ఎంత, గామా ఎంత బీటా ఎంత అని నిష్పత్తి చూసి, ఇది తాతల నాటి మందా, ఎవరో మొన్న దొంగచాటుగా కొట్టిందా అన్నది కూడా చెప్పేస్తారు.

ఇంతవరకూ విరగడం. ఇక కదలడం.

కదలాలంటే ముందు నీళ్లలో కరగాలి. డి.డి.టి. లీటరు నీళ్లలో కరిగేది గ్రాములో పదిలక్షల వంతులు అయిదారు మాత్రమే. దాన్ని మన కొలతలోకి తెద్దాం. ఎకరం చేలో రెండంగుళాల నీళ్లు పెడితే సుమారు రెండు లక్షల లీటర్లు. ఆ నీళ్లన్నిటిలోనూ కలిపి డి.డి.టి. ఒక్క గ్రాము కరుగుతుంది, అంతే. మిగతాదంతా మట్టినే పట్టుకుని ఉంటుంది, అందులోనూ కుళ్లిన ఆకూ పేడా కలిసిన నల్లటి పదార్థాన్ని. నెయ్యి పట్టిన గిన్నెని చన్నీళ్లతో ఎన్నిసార్లు తొలిచినా జిడ్డు గిన్నెనే అంటిపెట్టుకుంటుందే, ఇదీ అలాగే. ఇప్పుడు వరిలో సుడిదోమకి కొట్టే ఇమిడాక్లోప్రిడ్‌ని పక్కన పెట్టి చూడు. అదే ఎకరం నీళ్లలో నూటపాతిక కిలోలు కరుగుతుంది. ఎవరూ అంత కొట్టరనుకో. మోతాదు గ్రాముల్లోనే. తేడా ఎంతో తెలియడానికి చెప్పాను. ఒకటి మట్టితో కాపురం చేసేది, రెండోది నీళ్లతో లేచిపోయేది.

అయితే మట్టిని పట్టుకున్నది కదలదనుకుంటే పొరపాటు, మట్టే కదిలితే? తాడేపల్లిగూడెం దాటి నల్లజర్ల, జంగారెడ్డిగూడెం వైపు వెళితే ఎర్రనేలల మెట్ట. ఇసుక పాలు ఎక్కువ, సేంద్రియ పదార్థం తక్కువ. పట్టుకునే శక్తి తక్కువ కాబట్టి కరిగే మందులు నీళ్లతో కిందికి దిగుతాయి, బోరునీళ్ల దాకా పోగలవు. కరగనివి వానకి ఎర్రనీళ్లతో పాటు యర్రకాలువలో పడి దిగువకి వస్తాయి. యర్రకాలువ పొంగిందంటే తాడేపల్లిగూడెం, నిడదవోలు, తణుకు చేలు ఎలా మునుగుతాయో నీకు కొత్తగా చెప్పాలా. అదే కిందకి పోయి యనమదుర్రు డ్రెయిన్ అవుతుంది. ఇటు పల్లపు నల్లమట్టి అయితే బాగా పట్టి ఉంచుతుంది, కానీ దాళ్వా కోతలై ఎండలు ముదిరాక దాని ఒళ్లంతా నెర్రెలు. చెయ్యి పట్టేంత నెర్రెలు. మొదటి వానకి పైమట్టి, దానికంటుకున్న మందు, అన్నీ ఆ నెర్రెల్లోంచి నేరుగా కిందికి జారతాయి. పొరపొరా వడగట్టుకుంటూ దిగడం అనేది పుస్తకాల్లోని మాట. నెర్రెలిచ్చిన నేల వడగట్టదు.

మూడో దారి గాలి. దీన్ని ఎవరూ పట్టించుకోరు, నేనూ చాలాకాలం దీన్ని చిన్నదనే లెక్కలో పెట్టేవాణ్ణి. జపాన్ శాస్త్రవేత్తలు, అన్నామలై విశ్వవిద్యాలయం వాళ్లు కలిసి తమిళనాడులో వెల్లారు నది దగ్గర వరిచేలో బి.హెచ్.సి. వేసి అది ఎటు పోతుందో కొలిచారు. 1991లో ఫలితం వచ్చింది. నేలలో, నీళ్లలో ఉంటుందనుకున్నది నూటికి తొంభై తొమ్మిది పాళ్లకు పైగా గాలిలోకే లేచిపోయింది. మన ఎండలు, వేడెక్కిన చేనునీళ్లు ఉన్నచోట అది ఆవిరవడం ఆశ్చర్యం కాదు. లేచింది చల్లటి చోట దిగుతుంది, మళ్లీ లేస్తుంది, మళ్లీ దిగుతుంది. అలా పోయి పోయి, ఏ పురుగుమందూ ఎన్నడూ చల్లని ఉత్తరధ్రువం దగ్గర సీల్ జంతువుల కొవ్వులో ఈ మందులు తేలాయి. మన చేలల్లో దులిపిన పొడిలో ఎంతో కొంత అక్కడికి చేరలేదని ఎవరూ చెప్పలేరు. అంచేత ఇందాక బురదని పొగిడాను కదా, ఆ పొగడ్తలోంచి కొంత కోసుకో. బురద తినకముందే గాలి ఎత్తుకుపోయింది చాలా ఉంది.

గాలికి లేవనివి, నీళ్లలో కరగనివి, మట్టినంటుకుని కాలవల్లో వచ్చినవి చివరికి ఎక్కడ చేరతాయి? అటు కృష్ణా డెల్టాకీ ఇటు గోదావరి డెల్టాకీ మధ్యనున్న పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఎన్నో మురుగుకాలవలు, అన్నీ దాంట్లోకే. బయటికి పోవడానికి మాత్రం ఒక్క ఉప్పుటేరు. సుమారు అరవై కిలోమీటర్లు వంకర్లు తిరుగుతూ సముద్రానికి పోతుంది, సముద్రం పోటుమీదుంటే వెనక్కే తోస్తుంది. జోరుగా వచ్చిన నీరు కొల్లేట్లో నెమ్మదించగానే మోసుకొచ్చిన సన్నమట్టిని దించేస్తుంది. మందులు ఎక్కువగా అంటుకునేది సరిగ్గా ఆ సన్నమట్టికే. గరుకు ఇసుక దార్లోనే ఆగిపోతుంది, మందు మోసేది ముందుకొస్తుంది. ఇన్నేళ్ల పురుగుమందుల కొట్ల చరిత్ర కొల్లేటి అడుగున పొరలు పొరలుగా ఉందనుకో.

1999లో కొల్లేటిని అయిదో కాంటూరు దాకా అభయారణ్యం అన్నారు, 2002లో రామ్‌సర్ చిత్తడినేలల జాబితాలో చేర్చారు, 2006లో చేపల చెరువుల గట్లు తెగ్గొట్టారు. రాజకీయాలు నాకొద్దు, నీకూ వద్దు. నా చూపల్లా ఆ అడుగుమట్టి మీద. చెరువు తవ్వినా, గట్టు తెగ్గొట్టినా, పూడిక తీసినా నిద్రపోతున్న మట్టిని లేపినట్టే. పైగా చేపల చెరువుల్లో చేపపేను పడితే సైపర్‌మెత్రిన్ లాంటివి నేరుగా నీళ్లలోనే పోస్తున్నారు. అదీ కరగని జాతే, అడుగుకే చేరుతుంది.

కొల్లేటి చేపల్ని పరీక్షించి 2001లో ఒక పరిశోధన ప్రచురించారు. కొరమీనునీ బొచ్చెనీ తీసుకున్నారు. చూడు, ఎంత తెలివైన ఎంపికో. బొచ్చె పైనీళ్లలో తిరుగుతూ, నీళ్లలో తేలే సన్న జీవుల్నీ నాచు నలకల్నీ తినేది. కొరమీను అడుగున బురదలో నక్కి, చిన్నచేపల్ని మింగేది. రెండు వేర్వేరు కంచాలన్నమాట. వాటిల్లో డి.డి.టి., బి.హెచ్.సి., డీల్డ్రిన్ లాంటి పాతకాపులూ దొరికాయి, మలాథియాన్, క్లోరోపైరిఫాస్ లాంటి అప్పటి వాడుక మందులూ దొరికాయి.

నీళ్లలో కనపడీ కనపడనంత ఉన్నది చేపలోకి ఎలా వస్తుందంటే, ఈ మందులకి నీళ్లంటే ఎంత అసహ్యమో కొవ్వంటే అంత ఇష్టం. నాచులోకి కొంచెం, నాచు తిన్న పురుగులోకి ఇంకొంచెం, పురుగుల్ని తిన్న చేపలోకి మరికాస్త. తిన్నది అరిగిపోతుంది, మందు మిగిలిపోతుంది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో క్లియర్ లేక్ అని మన కొల్లేరులాగే లోతులేని సరస్సు. అక్కడి చిన్న దోమల గోల పడలేక 1949లోనూ, తర్వాత 1954లోనూ, 1957లోనూ డి.డి.డి. కలిపారు. అదే, డి.డి.టి. తమ్ముడు. చివరి రెండుసార్లూ కలిపింది అయిదు కోట్ల పాళ్ల నీళ్లకి ఒక పాలు. ఇంకా తక్కువేం కలుపుతాం, ఏ ప్రమాదం ఉండదనుకున్నారు. అక్కడ చేపలు తినే గ్రీబ్ పక్షులు కుప్పలుగా చచ్చాయి. వాటి కొవ్వులో పదిలక్షల పాళ్లకి 1600 పాళ్లు మందు ఉంది. గుణించి చూడు, నీళ్లలో కంటే ఎనభై వేల రెట్లు. 1962లో రేచల్ కార్సన్ తన ‘సైలెంట్ స్ప్రింగ్’లో ఈ సరస్సు కథ చెప్పాకే ప్రపంచం ఉలిక్కిపడింది. మన ఆటపాకలో గూడబాతులు రోజూ తినేది కొల్లేటి చేపలేనని నీకు వేరే చెప్పాలా.

ఇక్కడ ఏలూరు సంగతి ఎత్తుతావని నాకు తెలుసు. 2020 డిసెంబరు 5న దక్షిణపు వీధి చుట్టుపక్కల జనం ఉన్నట్టుండి మూర్ఛలొచ్చి పడిపోవడం మొదలైంది. కొద్దిరోజుల్లో వందలమంది ఆస్పత్రిపాలయ్యారు, చాలామంది గంటల్లోనే తేరుకున్నారు, ఒకరు పోయారు. రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయని ఒకమాట, క్లోరిన్ మందులేమోనని ఇంకోమాట. ఢిల్లీ ఎయిమ్స్, హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పరీక్షలు చేశాక, శరీరంలో పురుగుమందుల అవశేషాలే ప్రధాన కారణమనీ, అవి లోపలికి ఏ దారిన వచ్చాయన్నది ఇంకా లోతుగా చూడాలనీ ప్రభుత్వానికి నివేదించారు. అప్పుడు మనూళ్లో కూడా “పాత డి.డి.టి. నేలలోంచి ఊరిందటండీ” అని ఒకటే పుకారు. నాకది నమ్మశక్యం కాలేదు, ఇప్పుడూ కాదు. ఇందాకటి లెక్క గుర్తుందా, ఎకరం నీళ్లకి ఒక్క గ్రాము. అలా ఊరే మందు ఏళ్ల తరబడి కొవ్వులో పేరుకోగలదేమో గానీ, ఒక శనివారంనాడు ఒక వీధిలో వాళ్లని మూర్ఛపోయేలా చెయ్యలేదు. ఒక్కసారిగా అంతమందిని పడగొట్టి, గంటల్లో వదిలేసిందంటే అది ఈమధ్య వాడిన, తొందరగా ఒంట్లోకి ఎక్కి తొందరగా దిగే సరుకై ఉండాలి. మొండిమందు వేరు, ముంచుకొచ్చే మందు వేరు. రెండూ విషాలే కానీ రెండిటి నడక ఒకటి కాదు.

“అయితే ఇప్పటివి మేలేనా?” అంటే, కొన్ని మేలు. కాండం తొలిచే పురుగుకి వేసే కార్టాప్ హైడ్రోక్లోరైడ్ గుళికలు రోజుల్లో విరిగిపోతాయి. ఫోరేట్ గుళికలు మహా విషం, 2018లో ఉత్తర్విచ్చి 2020 ఆఖరుకి ఆపేశారు. ఇమిడాక్లోప్రిడ్‌ది విచిత్రమైన స్వభావం. తేటనీళ్లలో ఎండ తగిలితే కొన్ని గంటల్లో సగం విరిగిపోతుంది, మట్టిలో వెలుతురు లేనిచోట నెలలు, ఒక్కొక్కచోట ఏడాది పైన కూడా ఉంటుంది. కరిగే మందైనా సరే, విత్తనానికి పట్టించి నేలలో పెడితే నిలవదని చెప్పడానికి లేదు. ఫిప్రోనిల్ అయితే విరిగి సల్ఫోన్ అవుతుంది, అదీ విషమే. ఎండోసల్ఫాన్ కథే, ఇంకో పేరుతో. అసలు కొట్టే అవసరం తగ్గించినవాళ్లని నేను ఎక్కువ మెచ్చుకుంటాను. మన మార్టేరు వరి పరిశోధన కేంద్రం వాళ్లు దోమపోటుకి తట్టుకునే 1001 రకం తీశారు, విజేత అని. అలాంటి ఒక్క వంగడం ఎన్ని డబ్బాల మందు కాలవలో పడకుండా ఆపిందో ఎవరూ లెక్కవెయ్యలేదు, వేస్తే బావుణ్ణు.

చేలో నిన్నటిదాకా చూస్తూనే ఉన్నానమ్మా, పొద్దున గుళికలు వేస్తారు, మబ్బుపట్టి వాన కురిస్తే సాయంత్రానికల్లా గట్టు గండికొట్టి నీళ్లు మురుగుబోదెలోకి వదిలేస్తారు. బురద తన పని మొదలుపెట్టకముందే మందు యనమదుర్రులో ఉంటుంది. గుళికలు వేశాక కొన్నాళ్లు నీళ్లు బయటికి పోకుండా కట్టిపెట్టమని వ్యవసాయశాఖ వాళ్లు చెప్పేది మొక్క పీల్చుకోవడం కోసమే కాదు. మబ్బులు చూసి మందు వెయ్యడం ఒకరోజు ఆపినా చాలు.

నువ్వు సెలవులకొచ్చినప్పుడు మీ నాన్న బీరువాలోంచి భూసారపరీక్ష కార్డు తియ్యి. 2015లో మొదలైన పథకం కింద ఇచ్చిందే. అందులో పన్నెండు గళ్లుంటాయి. నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక, లవణ సూచిక, సేంద్రియ కర్బనం. పురుగుమందు గడి లేదు. అది పరీక్షించడానికి గ్యాస్ క్రొమటోగ్రాఫ్ కావాలి, ఖర్చు కూడా ఎక్కువ. అయినా ఆ పన్నెండులో రెండు గళ్లు మనకి పనికొస్తాయి. సేంద్రియ కర్బనం అర శాతం లోపుంటే ఆ మట్టికి మందుని పట్టి ఉంచే శక్తీ తక్కువ, విరగ్గొట్టే క్రిములకి తిండీ తక్కువ. ముప్పాతిక శాతం దాటితే రెండూ బావుంటాయి. ఉదజని సూచిక ఎనిమిది దగ్గరుంటే ఫాస్ఫరస్ మందులు, కార్బోఫ్యూరాన్ లాంటివి తొందరగా విరుగుతాయి, క్లోరిన్ పాతకాపులకి మాత్రం పెద్ద తేడా ఉండదు. మన గోస్తనీ పక్క చేనుదీ, మీ అమ్మమ్మగారి నల్లజర్ల తోటదీ రెండు కార్డులూ పక్కపక్కన పెట్టి ఆ రెండు గళ్లూ నాకు చదివి వినిపించు. ఏ మందు ఎక్కడ ఎన్నాళ్లుంటుందో, ఎటు పోతుందో ఇద్దరం కూర్చుని లెక్క వేద్దాం.